మూడవ తీగకు దారి దొరకనప్పుడు

“రెండు తీగలు అమర్చాము. మూడవది వెళ్ళలేదు. సిర అనుకూలంగా లేదు.” క్యాథ్‌ల్యాబ్ తలుపు ముందు గంటల తరబడి తస్బీహ్ చేతపట్టుకొని కూర్చున్న కుటుంబానికి ఈ మూడు చిన్న వాక్యాలు వినిపించగానే కాళ్ళ కింది నేల కదిలినట్లవుతుంది. మూడవ తీగ ఏమిటో, అది ఎందుకు వెళ్ళలేదో, ఇక ముందు ఏం చేయాలో అడగడానికి మాట రాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుండి అప్పు చేసి పట్నం చేరినవారు “మన నసీబు ఇంతే” అనుకొని ఇంటిదారి పట్టడానికి ఆ మాటలే చాలు.

ప్రియ పాఠకులారా! ఆ మూడు వాక్యాలు చికిత్సకు ముగింపు కావు. సిర ఇరుకైనా, మెలికలు తిరిగినా, మూసుకుపోయినా గుండె ఎడమ భాగానికి విద్యుత్ స్పందన చేర్చే మార్గాలు నేడు ఒకటికి నాలుగు ఉన్నవి. అయితే ఆ సంగతి కుటుంబానికి తెలిసి ఉండాలి. తెలిసినవారే ప్రశ్న అడగగలరు, ప్రశ్న అడిగినవారికే దారి కనిపిస్తుంది. ఈ నెల శీర్షికలో ఆ దారులను పరిచయం చేసుకుందాం.

లయ తప్పిన వరుస

జమాఅత్ నమాజులో ఇమామ్ తక్బీర్ పలకగానే సఫ్ మొత్తం ఒక్కసారిగా రుకూలోకి వంగుతుంది. సఫ్‌లో సగం మందికి ఆ పిలుపు ఆలస్యంగా వినిపిస్తే ఏమవుతుందో ఊహించండి. కొందరు వంగుతుండగా మరికొందరు నిలబడే ఉంటారు. గుండె విషయంలోనూ అంతే. పైగదుల నుండి వచ్చే విద్యుత్ ఆజ్ఞ రెండు నాడీకట్టల ద్వారా కుడి, ఎడమ జఠరికలకు ఒకేసారి చేరాలి. ఎడమ కట్ట దెబ్బతింటే ఆజ్ఞ మొదట కుడివైపు చేరి, కండరం గుండా మెల్లగా పాకుతూ ఎడమవైపుకు వస్తుంది. ఒక గోడ ముడుచుకొనే వేళకు ఎదుటి గోడ ఇంకా వదులుగానే ఉంటుంది. రక్తం శరీరంలోకి వెళ్ళడానికి బదులు ఆ గదిలోనే అటూ ఇటూ ఊగుతుంది. దీనిని వైద్యులు లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అంటారు.

అప్పటికే గుండె కండరం బలహీనపడినవారిలో ఈ లయభంగం తోడైతే ఆయాసం పెరుగుతుంది. పాదాలు వాస్తాయి. పడుకుంటే ఊపిరాడక అర్ధరాత్రి లేచి కూర్చోవలసి వస్తుంది. మసీదు మెట్లు ఎక్కడం కూడా భారమవుతుంది. మన ఇళ్ళలో వీటిని “వయసు మీదపడింది” అని కొట్టివేయడం పరిపాటి. అమ్మీ లేదా దాదీ విషయంలోనైతే ఈ నిర్లక్ష్యం మరింత ఎక్కువ. ఈ చికిత్స వల్ల స్త్రీలు పొందే ప్రయోజనం పురుషులు పొందేదానికి తక్కువ కాదని, తరచూ ఇంకా మెరుగ్గా ఉంటుందని అధ్యయనాలు చూపాయి. ఇంట్లో ఆడవారి ఆయాసాన్ని చివరి వరుసలో పెట్టడం తగదు.

రెండు అంకెలు ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి. మొదటిది ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఎడమ జఠరిక ఒక్కో స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతున్నదో టూడీ ఎకో పరీక్ష చెబుతుంది. ఆరోగ్యవంతులలో ఇది సాధారణంగా 55 శాతానికి పైన ఉంటుంది. 35 శాతం లేదా అంతకు తక్కువ ఉంటే గుండె బాగా బలహీనపడినట్లు. రెండవది ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పు. ఈసీజీ కాగితంపై ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లకు సమానం. ఆ గీత దాదాపు నాలుగు చిన్న గడుల వెడల్పుకు, అనగా 150 మిల్లీసెకన్లకు చేరితే, రెండు జఠరికల నడుమ పొత్తు బాగా చెడినట్లు. మూడు నెలలపాటు తగిన మందులన్నీ సరియైన మోతాదులో వాడినా ఆయాసం తగ్గక, ఈ రెండు అంకెలూ ఇలాగే ఉంటే వైద్యులు సీఆర్‌టీ గురించి ఆలోచిస్తారు.

మూడు తీగల యంత్రం

సీఆర్‌టీ అనేది గుండె రెండు జఠరికలనూ తిరిగి ఒకే లయలోకి తెచ్చే ప్రత్యేకమైన పేస్‌మేకర్. చర్మం కింద, భుజం ఎముకకు దిగువన చిన్న యంత్రాన్ని ఉంచుతారు. దాని నుండి సాధారణంగా మూడు తీగలు సిరల గుండా గుండెకు వెళ్తాయి. ఒకటి కుడి కర్ణికకు, ఒకటి కుడి జఠరికకు, మూడవది ఎడమ జఠరికకు. మొదటి రెండింటికీ రాజమార్గం ఉంది. మూడవదానికి లేదు. ఎడమ జఠరిక లోపలికి తీగను పంపితే దానిపై రక్తపు గడ్డ ఏర్పడి మెదడుకు చేరే ప్రమాదం ఉంటుంది. కాబట్టి గుండె వెలుపలి ఉపరితలం మీద పరచుకొన్న సిరలలో ఒకదాని గుండా, బయటివైపు నుండి, ఎడమ గోడను తాకాలి. ఆ సిరలన్నీ కలిసే పెద్ద కాలువ పేరు కరోనరీ సైనస్. దాని ముఖద్వారం కుడి కర్ణికలో ఉంటుంది.

గుండె గోడకు తనదైన రక్తనాళాలు ఉన్నాయన్న విషయం మనకు సామాన్యంగా తోచవచ్చు. ఒకనాడు అది వివాదాంశం. గుండె తన కుడి గదిలోని రక్తం నుండే పోషణ పొందుతుందన్న భావనను 13వ శతాబ్దంలో ఇబ్నె నఫీస్ అనే దమస్కస్ వైద్యుడు తిరస్కరించారు. గుండె దేహంలోనే వ్యాపించిన నాళాలు దానిని పోషిస్తాయని ఆయన రాశారు. రెండు జఠరికల నడుమనున్న గోడలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపు చేరుతుందని చెప్పినదీ ఆయనే. ఆ నడిమి గోడ ప్రస్తావన మనకు మళ్ళీ వస్తుంది.

1994లో ఫ్రాన్స్ వైద్యులు తొలిసారిగా గుండె నాలుగు గదులకూ తీగలు అమర్చి బలహీనమైన గుండెను ఒక లయలోకి తెచ్చారు. అప్పుడు ఎడమ జఠరిక తీగ కోసం ఛాతీని తెరవవలసి వచ్చింది. 1998 నాటికి అదే దేశంలోని రెన్ నగర వైద్యులు కరోనరీ సైనస్ సిరల గుండా ఆ తీగను పంపే పద్ధతిని ప్రచురించారు. 2001లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ యంత్రానికి అనుమతి ఇచ్చింది. 2005లో వెలువడిన కేర్-హెచ్ఎఫ్ అనే ఐరోపా అధ్యయనంలో 813 మంది రోగులు పాల్గొన్నారు. సుమారు రెండున్నర సంవత్సరాల పరిశీలనలో మందులు మాత్రమే వాడినవారిలో 30 శాతం మంది మరణించగా, మందులతోపాటు ఈ యంత్రం అమర్చుకొన్నవారిలో 20 శాతం మంది మరణించారు.

అదే అధ్యయనంలో మన విషయానికి సూటిగా సంబంధించిన అంశం మరొకటి ఉంది. తొలి ప్రయత్నంలోనే యంత్రం అమరినవారు సుమారు 86 శాతం. మళ్ళీ ప్రయత్నించిన తరువాత ఆ సంఖ్య 95 శాతానికి చేరింది. అంటే మొదటిసారి “వెళ్ళలేదు” అనిపించుకొన్నవారిలో ఎక్కువమందికి తరువాత దారి దొరికింది. అదీ ఇరవై ఏళ్ళ క్రితపు పనిముట్లతో.

దారిలో ఎదురయ్యే అడ్డంకులు

వేలిముద్రల వలె గుండె సిరల అమరిక కూడా ఒకరికి ఉన్నట్లు మరొకరికి ఉండదు. అడ్డంకి ఎక్కడ ఎదురైతే పరిష్కారం అక్కడికి తగినట్లే ఉంటుంది.

మొదటి అడ్డంకి భుజం దగ్గర. పాత పేస్‌మేకర్ ఉన్నవారిలో ఏళ్ళ తరబడి తీగల ఒరిపిడి వల్ల కాలరు ఎముక కింది సిర ఇరుకై, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. ముందుగా చేతి సిరలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే ఇది తెలిసిపోతుంది. అప్పుడు బెలూన్‌తో సిరను వెడల్పు చేయడమో, రెండవ భుజం వైపు నుండి ప్రవేశించడమో చేస్తారు. వెయ్యిమందిలో ముగ్గురు నుండి ఐదుగురికి పుట్టుకతోనే ఎడమవైపు అదనంగా ఒక మహాసిర ఉంటుంది. దాని వల్ల తీగల దారి మొత్తం మారిపోతుంది. అది హాని చేసేది కాదు గానీ వైద్యునికి ముందే తెలిసి ఉండడం మేలు.

రెండవది కరోనరీ సైనస్ ముఖద్వారం. అక్కడ థెబీసియస్ కవాటం అనే పలుచని పొర ఉంటుంది. కొందరిలో అది ద్వారాన్ని చాలావరకు కప్పివేస్తుంది. గుండె ఉబ్బినవారిలో ద్వారం తన స్థానం నుండి పక్కకు జరుగుతుంది. ఇక్కడ వంపు మార్చగల క్యాథెటర్‌తో ద్వారాన్ని వెదకుతారు. వేర్వేరు వంపులున్న గొట్టాలను మార్చి మార్చి చూస్తారు. యాంజియోగ్రామ్‌లో ధమనిలోకి ఎక్కించిన రంగుమందు తిరిగి సిరలలోకి వచ్చే క్షణాన్ని గమనించి ద్వారం ఎక్కడుందో పసిగడతారు.

మూడవది, అసలైనది, గమ్యస్థానపు సిర. తీగ చేరవలసిన చోటు ఎడమ జఠరిక పక్కగోడ లేదా దాని వెనుక భాగం. ఎందుకంటే అందరికంటె ఆలస్యంగా ముడుచుకొనేది అదే. అక్కడికి వెళ్ళే సిర కొందరిలో దారప్పోగు వలె సన్నగా ఉంటుంది. కొందరిలో పెద్ద కాలువ నుండి వెనక్కు తిరిగినట్లు ఇరుకు కోణంలో చీలుతుంది. మరికొందరిలో పాము వలె మెలికలు తిరుగుతుంది. ముందుగా బెలూన్‌తో ప్రవాహాన్ని క్షణకాలం ఆపి రంగుమందు నింపి సిరల పటం తీసుకొంటారు. కోణం ఇరుకైతే కొస వంగిన మరో సన్నని గొట్టాన్ని లోపలికి పంపి సిర ముఖంలోకి తిప్పుతారు. మెలికలుంటే గట్టి గైడ్ తీగలు ఒకటికి రెండు పంపి దారిని చక్కబరుస్తారు. ఇరుకైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ముందునుండి దారి లేకపోతే, పక్క సిరల అనుసంధానం గుండా గైడ్ తీగను చుట్టు తిప్పి తెచ్చి, దాని కొసను ఉచ్చుతో పట్టుకొని బయటికి లాగి, దాని ఆధారంగా అసలు తీగను పంపే పద్ధతి కూడా ఉంది. గోడ అవతలి నుండి తాడు అందుకొన్నట్లన్న మాట.

నాలుగవ అడ్డంకి తీగ చేరిన తరువాత వస్తుంది. ఎడమ జఠరిక పక్కగా ఉదరవితానాన్ని కదిలించే ఫ్రెనిక్ నాడి పోతుంది. తీగ కొస దానికి దగ్గరైతే గుండెతోపాటు పొట్ట కూడా ఎక్కిళ్ళు వచ్చినట్లు ఎగురుతుంది. ఒకప్పుడు ఇందుకోసం తీగను తీసివేయవలసి వచ్చేది. 2010 ప్రాంతం నుండి నాలుగు విద్యుత్ స్థానాలున్న తీగలు వాడుకలోకి వచ్చాయి. ఒక స్థానం బాధిస్తే తీగను కదపకుండానే యంత్రపు అమరికతో మరో స్థానానికి మారవచ్చు.

ఈ శ్రమలో సిర లోపలి పొర చిట్లే అవకాశం ఉంటుంది. ఎక్కువ సందర్భాల్లో అది దానంతట అదే మానుతుంది. అలాంటప్పుడు వైద్యుడు ఆ రోజుకు ఆపి, కొన్ని వారాల తరువాత మళ్ళీ ప్రయత్నిద్దామంటే దానిని వైఫల్యంగా భావించరాదు. అది వివేకం.

సిర వద్దనుకొన్న దారులు

ఎంత నేర్పు చూపినా కొందరిలో తగిన సిరే ఉండదు. అప్పుడూ రెండు మార్గాలు మిగిలే ఉన్నవి.

ఒకటి పాతది. ఎడమ పక్కటెముకల నడుమ చిన్న కోత పెట్టి శస్త్రవైద్యుడు తీగను నేరుగా గుండె వెలుపలి గోడకు కుట్టడం. దీనికి పూర్తి మత్తు అవసరం. బలహీనమైన గుండెకు ఆ భారం ఎంతవరకు తగునో ముందే అంచనా వేయాలి.

రెండవది కొత్తది. చైనాలోని వెన్‌జౌ నగర వైద్యుడు వెయిజియాన్ హువాంగ్, ఆయన బృందం 2017లో దానిని ప్రకటించారు. ఎడమ సిరల జోలికే పోకుండా, కుడి జఠరికలోకి వెళ్ళిన తీగనే నడిమి గోడలోకి మరలాగా తిప్పుతూ, ఎడమ నాడీకట్ట ఉన్న ప్రాంతం వరకు పంపుతారు. దెబ్బతిన్న చోటును దాటి కట్టకే నేరుగా స్పందన అందుతుంది. అక్కడి నుండి ఆజ్ఞ సహజమైన దారిలోనే పాకుతుంది. ఇబ్నె నఫీస్ రంధ్రాలు లేవని చెప్పిన గోడ ఇదే. రంధ్రాలు లేని ఆ గోడ నేడు ఒక తీగకు ఆధారమయింది. మన దేశంలోనూ అనేక కేంద్రాలు ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి. మదురైలోని వేలమ్మాళ్ వైద్య కళాశాల నుండి దీనిపై పలు పరిశోధనలు వెలువడ్డాయి. సిరల అమరిక వల్ల మూడు తీగల పద్ధతి సాధ్యపడనప్పుడు నాడీకట్ట పద్ధతిని ఎంచుకోవడం సమంజసమని 2023లో అంతర్జాతీయ గుండెలయ వైద్య సంఘాలు తమ మార్గదర్శకాల్లో పేర్కొన్నాయి. దీర్ఘకాలంలో రెండింటిలో ఏది మేలో తేల్చే పెద్ద పరీక్షలు ఇంకా సాగుతున్నవి.

ఇంకో నిజాన్ని కూడా దాచుకోకూడదు. తీగలన్నీ చక్కగా అమరినా సుమారు ముగ్గురిలో ఒకరికి ఆశించినంత ఫలితం కనిపించదు. అందుచేత ఎవరికి అమర్చాలన్న ఎంపిక, ఎక్కడ అమర్చాలన్న నేర్పు రెండూ ముఖ్యమే.

మన మూడు జిల్లాల నుండి

2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. సీఆర్‌టీ అక్కడ జరిగే పని కాదు. కానీ దాని మొదటి మెట్టు అక్కడే ఉంది. ఆయాసపడే మనిషికి ఈసీజీ తీయించడం, ఎకో చేయించడం, మందులు క్రమంగా వాడించడం సొంత జిల్లాలోనే మొదలు కావాలి. రెండవ మెట్టు వరంగల్. కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. మూడవ మెట్టు హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులు. జనగామవారికి, మహబూబాబాద్‌వారికి రైలు ఉంది. భూపాలపల్లివారికి అదీ లేదు, బస్సే గతి. అందుకే ఒక్క ప్రయాణమూ వృథా కాకుండా సిద్ధపడి వెళ్ళాలి.

వెంట తీసుకుపోవలసినవి: పాత, కొత్త ఈసీజీ కాగితాలు, ఎకో నివేదికలు, యాంజియోగ్రామ్ జరిగి ఉంటే దాని సీడీ, వాడుతున్న మందుల చీటీ, కిడ్నీ పరీక్ష, పాత యంత్రం ఉంటే దాని కార్డు. రంగుమందు కిడ్నీలపై భారం మోపుతుంది. కనుక మధుమేహం, కిడ్నీ బలహీనత ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఒకసారి ప్రయత్నం విఫలమైనవారు ఆ రోజు తీసిన సిరల చిత్రాల సీడీని తప్పక అడిగి తీసుకోవాలి. రెండవ వైద్యునికి అంతకు మించిన పటం లేదు.

ఖర్చు విషయంలో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా కలవండి. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుండి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీకు సూచించిన యంత్రం ఏ మేరకు వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. మిగిలినదానికి ముఖ్యమంత్రి సహాయనిధి మార్గం ఉంది. సింగరేణి కుటుంబాలు సంస్థ ఆసుపత్రి నుండి రెఫరల్ లేఖ తీసుకోవాలి. అప్పు చేసే ముందు ఈ తలుపులన్నీ తట్టండి.

వైద్యుణ్ణి అడగడానికి బిడియం వద్దు. ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళ్ళండి. మా రోగి ఎజెక్షన్ ఫ్రాక్షన్, క్యూఆర్ఎస్ వెడల్పు ఎంత? షాక్ ఇచ్చే యంత్రం అవసరమా, లేనిది చాలునా? మూడవ తీగ వెళ్ళకపోతే మీ రెండవ ప్రణాళిక ఏమిటి? నాడీకట్ట పద్ధతి ఇక్కడ చేస్తారా? చేయకపోతే ఎక్కడికి పంపుతారు? మూడవ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ముందే దొరికితే, క్యాథ్‌ల్యాబ్ వెలుపల నిరీక్షణ కొంత తేలికవుతుంది.

యంత్రంతో దైనందిన జీవితం, ఇబాదత్

తీగ గుండెలో కుదురుకొనడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆ వైపు చేతిని భుజానికి మించి ఎత్తరాదు, బరువు మోయరాదు. అలాగని చేతిని అసలు కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. నెమ్మదిగా కదుపుతూనే ఉండాలి. ఆ రోజుల్లో తక్బీర్‌కు ఆ చేతిని పూర్తిగా ఎత్తనక్కరలేదు. సజ్దాలో ఆ చేతిపై భారం పడుతుందనుకొంటే కుర్చీపై నమాజు చేసుకోవచ్చు. గాయం ఆరేవరకు దానిని తడపరాదు. వుజూ, గుస్ల్ విషయంలో గాయంవున్న వ్యక్తికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. వివరాలు మీ ఊరి ఆలిమ్‌ను అడగండి.

రమజాను ఉపవాసాల మాట వేరుగా చెప్పాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి నీరు ఎక్కువైనా, తక్కువైనా చిక్కే. మూత్రం జారీచేసే మాత్రలు వాడేవారు సొంత నిర్ణయంతో వేళలు మార్చడం, మానివేయడం ప్రమాదకరం. రమజానుకు నెల ముందే వైద్యుని సంప్రదించాలి. ఆయన వద్దంటే ఆ రుఖ్సత్‌ను స్వీకరించడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మొబైల్ ఫోను యంత్రానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, రెండవ చెవితో మాట్లాడాలి, చొక్కా జేబులో పెట్టుకోరాదు. వెల్డింగ్ పనికి దూరంగా ఉండాలి. ఉమ్రా, హజ్ ప్రయాణికులు యంత్రం కార్డును పాస్‌పోర్టుతోపాటే ఉంచుకొని విమానాశ్రయంలో చూపాలి. ఎంఆర్ఐ అవసరమైతే యంత్రం, తీగలు అందుకు అనువైనవో కాదో ముందే తెలపాలి. గాయం ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, పొట్ట ఎగురుతున్నా, తల తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. యంత్రం ఉన్నదని మందులు మానరాదు. అది మందులకు తోడు మాత్రమే.

చికిత్స కోసం తిరగడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టి ఆపై దైవంపై భారం వేయమన్న బోధ మనందరికీ తెలిసినదే. మీ ఇంట్లోనో పొరుగింట్లోనో “సిర అనుకూలంగా లేదు” అన్న మాటతో ఆగిపోయినవారు ఉంటే, ఈ వారమే వారి పాత సీడీ, నివేదికలు వెదకి తీయించండి. చదువుకొన్న పిల్లవాడొకరు తోడుండి, ఆ మూడవ ప్రశ్నను మరో వైద్యుని ముందు ఉంచాలి.